బరికెడు దూరం

ఆమెను రాక్షసి అన్నది మీరే. తళి పక్కనున్న మా ఊరివాళ్లూ, హోసూరులో కూర్చుని ఈ పత్రిక చదివే మీరూ. ఎవరిని అంటున్నాడు వీడు అని పక్కకు చూడకండి. మా వదిన పోయిన మంగళవారం పొద్దున కృష్ణగిరి ఆస్పత్రిలో చనిపోయింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని చీటీలో రాశారు. ఏమి పీల్చి పాడయ్యాయో రాయడానికి ఆ చీటీలో గడి లేదు.

మా అన్న భార్య ఆమె. తొంభైల్లో మా రాగి చేను కొన్నవాళ్లు దాని మీద ప్లాస్టిక్ కప్పు వేసి గులాబీలు పెంచారు. అదే చేనికి ఆమె కూలికి పోయింది. పెళ్లి స్టేజీల మీద మీరు ముక్కుకు ఆనించుకుని వాసన చూసే పొడుగు కాడ గులాబీలు అవే. పురుగుమందు కొట్టిన ఆకు తడి ఆరకముందే ఆడవాళ్లను కోతకు దించేవారు. సూపర్‌వైజరు మాత్రం మూతికి గుడ్డ కట్టుకుని తలుపు అవతల నిలబడేవాడు.

సాయంత్రం ఆమె వచ్చే వేళకు మూడేళ్ల పెద్దకూతురు మా ఇంటి గేటు దగ్గర కాచుకునేది. గేటు పక్కన మల్బరీ కొమ్మ విరిచి చేసిన బరికె ఒకటి ఎప్పుడూ ఉండేది. వదిన ముందు దాన్ని అందుకునేది. "ఆడే నిలువు" అనేది. పిల్ల నిలవకపోతే కొట్టేది. ఉత్త బెదిరింపు కాదు, పిక్కల మీద వాత తేలేటట్టు కొట్టేది. తర్వాత పశువుల కొట్టం వెనక్కి పోయి, తళి చలిలో కూడా, తొట్టిలోని చన్నీళ్లు నెత్తిమీద నుంచి పోసుకునేది. పని చీరను ఇంట్లోకి రానిచ్చేది కాదు, ముళ్లకంచె మీదే ఆరేసేది. పిల్ల ఏడుపు మింగుకుంటూ రాతి మెట్టు మీద కూర్చుని మాటిమాటికీ అడిగేది: "నీళ్లు పోసుకొంటివా మా?" అయిందని కొట్టం వెనక నుంచి మాట వస్తే పరుగెత్తేది. అప్పుడు వదిన దాన్ని ఎత్తుకుని తాను తేల్చిన వాతలనే ముద్దు పెట్టుకునేది. మనం అది చూడలేదు. బరికె చూశాము.

మందు కొట్టిన రోజుల్లో చంటిదానికి పాలు ఇచ్చేది కాదు. కొట్టం కాలువలో పిండేసి, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ నోట్లో రాగి గంజి పోసేది. మా అమ్మ వాకిట్లో నిలబడి నలుగురికీ వినబడేలా అనేది: "కుక్క గూడా పిల్లలకి పాలిస్తాది. నువ్వేం పుట్టుక పుట్టినావే?" కొళాయి దగ్గర ఆడవాళ్లు ఇంకాస్త మర్యాదగా పొడిచేవారు. "ఏమమ్మా, సొంత బిడ్డల్ని గూడా అంటుకోకుండా మడి కట్టినావంట గదా, జంధ్యం యాడ దాచినావు?" అని నవ్వుకునేవారు. పూలతోటలో పని చేస్తూ ఆమె తలలో ఒక్క పువ్వు పెట్టుకునేది కాదు. అది కూడా మడే అన్నాము.

అన్నాము అంటున్నాను. అందరికంటే గట్టిగా అన్నవాణ్ణి నేనే. మడి, మైల, అంటరానితనం అని గొంతు చించుకుని తిరిగే నాకు నా ఇంట్లోనే మంచి ఉదాహరణ దొరికింది. కన్నబిడ్డలనే అంటరానివాళ్లను చేసిన ఒక తల్లి గురించి, పేరు చెప్పకుండా, ఈ పత్రికలోనే రాశాను. మీరు ఉత్తరాలు రాసి మెచ్చుకున్నారు. ధైర్యవంతుడన్నారు. ఒకాయన జిరాక్సులు తీసి పంచాడు. మా అన్న దాన్ని ఇంట్లో గట్టిగా చదివి వినిపించాడు. ఆమె సంగటి కెలుకుతూ చివరిదాకా విన్నది. "బాగా రాసినావప్పా," అన్నది. "నన్ను రాసినావు. ఓనర్ని గూడా రాయి."

తప్పు తనమీదకు రాకుండా మాట మారుస్తోందనుకున్నాను. ఆ మాటే ఇంకో వ్యాసంలో రాశాను కూడా. దానికీ ఉత్తరాలు వచ్చాయి.

అసలు సంగతి పోయిన నెల ఆస్పత్రి మంచం మీద చెప్పింది. పనికి చేరిన కొత్తలో, తోటలో కత్తిరించి పారేసిన గులాబీ ఆకును మోపు కట్టి తెచ్చి ఇంటి మేకకు వేసిందట. మేక తట్టుకుంది. దాని పాలు తాగిన మేకపిల్ల నురగ కక్కి పొద్దు గూకేలోగా చచ్చింది. ఆ సమయానికి చంటిది ఆమె ఒడిలో పాలు తాగుతోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అక్కడే అర్థమైంది. మందువల్లే చచ్చిందని రుజువేమిటని అడిగేవాళ్లు మీలో ఉన్నారు, నాకు తెలుసు. ఆమెకు ల్యాబు లేదు. మేకపిల్ల ఉంది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అత్తకు చెబితే ఊరికి చెప్పినట్టేనట. మందు మాట ఎత్తినవాళ్లను తోటవాళ్లు ఆ రోజే పంపించేసేవారట. మరి నాకు? ఆక్సిజన్ గొట్టం పక్కకు జరుపుకుని ఆగి ఆగి చెప్పింది.

"నీకు చెప్పింటే పేపర్లో రాసుంటావు. నా పని పోయుంటాది. చేను ల్యాకపాయ, బిడ్డలకేం పెట్టేది? నా సాలులోకి ఇంగొకామె వచ్చుంటాది, చంటిబిడ్డను ఇంట్లో ఇడిసిపెట్టి. ఆమెకి మేక ఉంటాదో లేదో."

పిల్లలు నిన్ను చూసి భయపడి పెరిగారు కదా వదినా అన్నాను. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

"తిట్టుకుంటే తిట్టుకోనీ. తిట్టుకునేదానికి ఉండాల కదప్పా."

ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు. ఆమె లేదు.

శవాన్ని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాము. పెద్దదానికి ఇప్పుడు పదిహేనేళ్లు. చెల్లెలు తల్లి మీద పడి ఏడుస్తుంటే అది గేటు దగ్గరే నిలబడింది, బరికె అందనంత దూరంలో. రాతి గుండె, తల్లి పోలికే అని ఎవరో గొణిగారు. ఆ వాకిట్లోనే తిట్టిన మా అమ్మ, ఇప్పుడు నడుము వంగిపోయి, చెంబుతో కోడలికి నీళ్లు పోసింది. పిల్ల అక్కడినుంచే అడిగింది.

"నీళ్లు పోసినారా అవ్వా?"

"పోసినాను పాపా, రా."

అప్పుడు పరుగెత్తింది.

ఇక నాకు కావలసినవి ఇవి.

మందు తడి ఆరేదాకా ఎవరినీ తోటలోకి దించకూడదు.

తోటలోనే స్నానాల గదులు, వేణ్నీళ్లు, సబ్బు, మార్చుకోవడానికి బట్టలు ఉండాలి.

ఏ మందు కొట్టారో తెలుగులో, కన్నడంలో, తమిళంలో గేటు మీద రాయాలి. చదువు రానివాళ్లకు చదివి చెప్పాలి.

పాలిచ్చే తల్లులకు మందు కొట్టే రోజుల్లో కూలి కోయకుండా సెలవు ఇవ్వాలి.

మందు మాట ఎత్తినందుకు ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు.

నా ఆ రెండు వ్యాసాలు దాచుకున్నవాళ్లు చించేయాలి.

ఆమెను రాక్షసి అన్నవాళ్లు మా ఇంటికి వచ్చి, ఆ మాటను ఆ ఇద్దరు పిల్లల ముందు వెనక్కి తీసుకోవాలి. నేను తీసుకున్నాను. బరికె గేటు పక్కనే ఉంది. స్నానం చేసి రండి.