రాజుల బట్టలకు రఫూ చేసిన ఎస్తేరమ్మ గారు

గత గురువారం ఉదయం శామీర్‌పేట నుంచి ఎస్తేరమ్మ గారి కోడలు మా మ్యూజియానికి ఫోన్ చేసింది. "అత్తమ్మ పోయింది అక్కా" అన్న ఒక్క మాట తర్వాత ఆమె ఏడుపే వినిపించింది. చేతిలోని సూది ఎక్కడ పెట్టానో నాకు తెలియలేదు. ఏళ్ల తరబడి ఎవరి పక్కన కూర్చొని ఈ విద్య అభ్యసించానో, ఆ గురువు ఇక లేరన్న సత్యాన్ని మనసు ఇంకా అంగీకరించడం లేదు.

నగరంలోని మా మ్యూజియం ఒకనాటి రాజప్రాసాదం. చిత్రపటాలు, ఆయుధాలు, బిద్రీ పాత్రలు, జరీ వస్త్రాలు అక్కడ కొలువుదీరి ఉన్నాయి. జీర్ణమైన రాజవస్త్రమేదైనా సందర్శకుల కంటబడే ముందు వెనక గదిలో ఎస్తేరమ్మ గారి చేతుల మీదుగా వెళ్లేదని ఎందరికి తెలుసు? చిరిగిన చోట పోగుకు పోగు కలిపే రఫూ పని ఆమెకు తండ్రి నుంచి సంక్రమించింది. రోజూ శామీర్‌పేట నుంచి బస్సులో వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కొని, చిన్న ప్రార్థన చేసుకొని పనికి కూర్చునేవారు.

తొంభైల మధ్యలో నేను చేరిన తొలిరోజున, ఒక పాత శాలువా అంచున ఎవరో వేసిన వంకర కుట్లు విప్పబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు బిడ్డా. గా కుట్లు ఎవలేసిన్రో ఎర్కనా?"

"తెలియదమ్మా."

"నాకు గూడ ఎర్కలే. మనకంటె ముందుగాల ఎవలో కూసొని దీన్ని బతికిచ్చిన్రు. వాళ్ల పని గూడ దాసిపెట్టాలె."

ఆ సౌమ్యమూర్తిలో ఎంత స్థైర్యం ఉందో తర్వాత చూశాను. ప్రముఖులెవరో వస్తున్నారని, ఒక రాజుగారి అంగరఖా, అంటే పొడవాటి పట్టు అంగీ, భుజం మీద కొత్త జరీ వేసి మెరిపించమన్నారు అప్పటి అధికారి.

"పాత పట్టు కొత్త జరీ బరువు మొయ్యది సార్. ఏడాదిల చినిగిపోతది. నేను జెయ్య" అన్నారామె.

"చెయ్యకపోతే ఈ గదిలో నీకు పని లేదు."

"లేకుంటె లేకపాయె సార్. నా చేతులతోటి మాత్రం ఖరాబు జెయ్య."

మర్నాటి నుంచి ఆమెను గ్యాలరీలో కాపలాకు కూర్చోబెట్టారు. జరీ వేసేవారు లేక అంగరఖా పెట్టెలోకి వెళ్లిపోయింది. ఆమె చెప్పిందే నిజమని తెలిసి కూడా నేను తల వంచుకొని నిలబడ్డాను. ఆ మౌనం నన్ను నేటికీ దహిస్తోంది. ఆమె మాత్రం ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకొని యథాప్రకారం నా పక్కనే కూర్చునేవారు.

ఆ వానాకాలంలో పైకప్పు కారి ఆ పెట్టె తడిసింది. సిబ్బంది అంగరఖాను తాడు మీద ఆరేయబోతుంటే ఎస్తేరమ్మ గారు పరుగెత్తుకొచ్చారు.

"వద్దు! నీళ్ల బరువుకే చినుగుతది. కింద తెల్లబట్ట పరువుండ్రి!"

అధికారి కంగారుగా, "ఇప్పుడేం చేయాలమ్మా?" అన్నారు.

"గా కొస వట్టుకోండ్రి సార్. గుంజకుండ్రి."

ఆయన మోకాళ్ల మీద కూర్చొని పట్టుకున్నారు. పొద్దుగూకేదాకా ఆమె మెత్తటి బట్టతో అద్దుతూనే ఉన్నారు. రంగు కారలేదు, పోగు తెగలేదు. మర్నాడు అధికారే వచ్చి ఆమెను వెనక గదికి తీసుకొచ్చారు. క్షమాపణ చెప్పబోతే, "నీడల ఆరబెట్టాలె సార్, కిటికీ మూయించుండ్రి" అని ఆమె పనిలో పడ్డారు.

పదవీ విరమణ తర్వాత కూడా నాకు సందేహం వస్తే శామీర్‌పేటకే పరుగెత్తేదాన్ని. పాత పట్టులో ఎంత సత్తువ మిగిలిందో ఆమె వేలికొసతో చెప్పేవారు. ఆ స్పర్శజ్ఞానం నాకింకా పట్టుబడలేదు. "ఐతారం చర్చి అయినంక రా బిడ్డా, నిమ్మలంగ సూపిస్త" అన్నారు పోయిన నెలలో. పనుల్లో పడి రెండు ఆదివారాలు వెళ్లలేకపోయాను. చివరికి వెళ్లింది సమాధి కార్యక్రమానికే.

శవపేటిక మూసే ముందు ఆ వేళ్లను కళ్లకద్దుకున్నాను. అంతకు మించిన నివాళి నాకు చేతకాదు. మా గదిలో రాణిగారి ఓణీ ఒకటి మడతల్లోనే ఉంది. విప్పితే నిలుస్తుందో, పొడి అవుతుందో చెప్పగలిగినవారు ఇప్పుడు మాలో ఎవరూ లేరు. దాన్ని అలాగే ఉంచేశాం.