తప్పుగా చెప్పిన సినిమాలు

మా గదిలో సినిమాలకు అసలు పేర్లు ఉండేవి కావు. ఇంగ్లిషు పేర్లు మా నోట్లో ఇమడవు, ఇమిడినా తెల్లారేసరికి మరిచిపోతాం. అందుకని ప్రతి సినిమాకూ మేమే ఒక పేరు పెట్టుకున్నాం. ఒక అపార్ట్‌మెంటు లిఫ్టులో చనిపోయిన ఆడమనిషి దయ్యమై అందులోనే తిరిగే సినిమా ఉంది. దానికి భాగాల మీద భాగాలు తీశారు. అది మాకు ‘లిఫ్టుదయ్యం’. అంతరిక్షంలో దారి తప్పిన ఓడను ఒక్క చెయ్యే ఉన్న మరమనిషి కాపాడుకొచ్చే సినిమాల వరస ‘ఒంటిచెయ్యి’. ఏ దొంగతనానికి పోయినా చివరికి పోలీసు స్టేషన్లోనే తేలే అన్నదమ్ముల కామెడీ సినిమాలు ‘దొంగలు’. బహ్రెయిన్‌లో మా శుక్రవారాలన్నీ ఈ మూడింటి గురించి కొట్లాడుకోవడంతోనే గడిచాయి. వినేవాళ్ళకు పిచ్చిగా అనిపించవచ్చు. వారమంతా ఏసీ డక్టుల రేకు గొట్టాలు నెత్తిమీద మోసి చూడండి, సెలవునాడు మీ నోటి నుంచి ఎలాంటి మాటలొస్తాయో తెలుస్తుంది.

ఈసా టౌన్ దాటాక మా క్యాంపు. గదిలో ముగ్గురం. నాది నిర్మల్ వైపు ఊరు, దొంగల సినిమాలు నావి. లిఫ్టుదయ్యం భాయ్‌ది. భాయ్ అంటే హైదరాబాదు పాతబస్తీ మనిషి, కంపెనీ వ్యాను నడుపుతాడు. దయ్యం తలుపు సందులోంచి చూసే సీను చెబుతున్నప్పుడు అతని ముఖం పండగనాటి ముఖంలా ఉండేది. ఇక ఒంటిచెయ్యి మా తమ్ముడిది. సొంత తమ్ముడు కాదు, కోరుట్ల పక్క ఊరివాడు, నాతోపాటే డక్టుల పని. నేను తమ్మీ అని పిలిచేవాణ్ణి, నన్ను అన్నా అనేవాడు.

తమ్ముడు తప్పును భరించలేడు. ఎవరైనా సినిమా కథ చెబుతూ చిన్న పొరపాటు చేసినా సరే, అన్నం ముద్ద చేతిలో ఉండగానే ఆపేవాడు. “ఆగన్నా. తప్పు” అనేవాడు. ఏ భాగంలో ఏ తలుపు ఎటు తెరుచుకుందో, మరమనిషి చెయ్యి ఎప్పుడు పోయిందో, మూడో భాగం ముందు జరిగిందో నాలుగోది ముందు జరిగిందో అంతా అతని బుర్రలో ఉండేది. చివరికి గదిలో ఒక చట్టం తయారైంది. కథలో తప్పు చెప్పినవాడు ఆ పూట గిన్నెలు తోమాలి. తమ్ముడు గిన్నె ముట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. ఎన్నిసార్లు ఒళ్ళు మండిందో నాకే తెలుసు.

లిఫ్టుదయ్యాన్నీ ఒంటిచెయ్యినీ కలిపి ఒకే సినిమా తీస్తున్నారని ఒకరోజు ఫోన్లో వార్త వచ్చింది. ఇక చూడాలి మా గదిని.

“దయ్యం మరమనిషిల సొచ్చేస్తది మియా. ఖలాస్! ఇగ ఓడ మొత్తం దానిదే” అన్నాడు భాయ్.

“ఆగు భాయ్. తప్పు. దయ్యం లిఫ్టు ఇడిసిపెట్టి రాదు. రెండో భాగంల గడప కాడ్నే ఆగిపోయింది, మరిచినవా?” అన్నాడు తమ్ముడు.

“ఓడల లిఫ్టు లేదా మరి?”

తమ్ముడు నమలడం ఆపి ఆలోచించాడు. అబద్ధం చెప్పే గుణం లేదు అతనికి. “ఉన్నది” అన్నాడు మనసొప్పకుండా. “ఇంజను కాడికి దిగేటానికి. గని గా లిఫ్టుకు కరెంటు లేదు.”

“దయ్యానికి కరెంటు కైకు?”

“నా దొంగలను గూడ ఎక్కియ్యుండ్రి. దయ్యం బయటికి రాకుంటే తాళం వాళ్ళు తీస్తరు” అన్నాను నేను. అప్పటిదాకా కత్తులు దూసుకున్న ఇద్దరూ ఒక్కటై నామీద పడ్డారు. భయంలో కామెడీ కలిపితే రెండూ పాడవుతాయని వాళ్ళ వాదన. పరమాన్నంలో పచ్చడి వేసినట్టు చూశారు నావైపు.

ఎండలు ముదిరాక జింజ్ అనే పేటలో ఒక విల్లాలో పని పడింది. తమ్ముడు నిచ్చెన మీద ఉండి హాలు కప్పులో డక్టు బిగిస్తున్నాడు. కింద కొత్త టైల్సు నున్నగా ఉన్నాయి. నిచ్చెన జారి తమ్ముడు కింద పడ్డాడు. పెద్ద ఎత్తు కూడా కాదు. తనే లేచి కూర్చున్నాడు, “ఏం కాలే” అన్నాడు, నీళ్ళు తాగాడు. క్యాంపుకు వస్తుంటే వ్యానులో వాంతి చేసుకున్నాడు. భాయ్ వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి, ఎవరినీ అడగకుండా వ్యానును ఆసుపత్రికి తిప్పాడు. తలలో నెత్తురు గడ్డకట్టిందన్నారు. ఆపరేషన్ చేశారు.

తమ్ముడు కళ్ళు తెరిచి నన్ను చూసి “అన్నా” అన్ననాడు నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. భాయ్‌ని గుర్తుపట్టాడు. అన్నం తిన్నాడు. ప్రాణం నిలిచింది, ఇంకేం కావాలి అనుకున్నాం ఇద్దరం.

కొన్నాళ్ళకు డాక్టరు అతన్ని ప్రశ్నలడిగాడు. డాక్టరు మాటల్ని మలయాళీ నర్సు హిందీలో నాకు చెబితే, నేను తమ్ముడిని తెలుగులో అడగాలి. పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. “ఇప్పుడు ఎక్కడున్నవ్ తమ్మీ?” అని అడిగాను.

“దుబాయిల” అన్నాడు.

డాక్టరు తల అడ్డంగా ఆడించాడు. నాకు కోపం వచ్చింది. మా జిల్లాల్లో కువైట్ పోయినవాడూ మస్కట్ పోయినవాడూ అందరూ దుబాయి పోయినవాళ్ళే, మావాళ్ళకు ఈ దిక్కు మొత్తం దుబాయే, ఇది తప్పెట్లా అవుతుందని నర్సుతో వాదించాను. గొంతు కూడా పెంచాను. ఆ అమ్మాయి ఓపికగా విని డాక్టరుకు చెప్పింది. ఆయన నవ్వి, సరే, ఒప్పే అన్నాడు. కేసు గెలిచిన వకీలులా బయటికి వచ్చాను.

తలుపు దగ్గరి నుంచి అంతా విన్న భాయ్ వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఏమాయె భాయ్?”

“మనం అంటం దుబాయి అని. ఆయ్న ఎప్పుడన్నా అన్నడా? యాద్ చేస్కో మియా.”

గుర్తుకొచ్చింది. ఇంటి నుంచి ఫోన్లో ఎవరు దుబాయి అన్నా సరే, తమ్ముడు ఆపేవాడు. “దుబాయి కాదు, బహ్రెయిన్. దుబాయి ఏరే దేశంల ఉన్నది” అని పెళ్ళాంతో, అత్తతో, ఊరి సర్పంచుతో కూడా పంచాయితీ పెట్టుకునేవాడు. మా అందరిలో దుబాయి అనని మనిషి అతనొక్కడే. డాక్టరుతో కొట్లాడి నేను ఒప్పు చేయించిన జవాబు నిజంగా తప్పే. భాయ్ పక్కనే కూలబడ్డాను.

తమ్ముడి భార్య రోజూ ఫోన్ చేసేది. విమానం ఎక్కించవచ్చని డాక్టరు చెప్పగానే ఇంటికి పంపుతామని కంపెనీవాళ్ళు ఆమెకు చెప్పారు. ఆ అమ్మాయి నన్నడిగేది ఒక్కటే.

“తప్పులు వట్టుడు మొదలువెట్టిండా అన్నా?”

“ఇంక లేదమ్మా.”

“మనిషి పాణంతోని వస్తుండు గదా, సంబురపడు అంటున్నరు అందరు. నేను కాదంటలేను. గని ఎసొంటి మనిషి వస్తుండో నాకు తెల్వాలె. పిల్లలకు ముందుగాల్నే చెప్పుకోవాలె నేను. అబద్ధం చెప్పకుండ్రి నాకు.”

అబద్ధం చెప్పనని మాటిచ్చాను. నిజం చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు. అప్పుడే భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. తమ్ముడి ముందు కూర్చుని సినిమాలు చెబుదాం, కావాలని తప్పులు చెబుదాం, తప్పు వింటే ఊరుకునే మనిషా అతను? నిద్రలో ఉన్నా లేచి ఆపుతాడు. నాకూ నిజమే అనిపించింది. మందులకు లేవనివాడు దీనికి లేస్తాడని గట్టిగా నమ్మాను.

శుక్రవారం సందర్శకుల వేళకు ఇద్దరం వెళ్ళాం. మంచానికి చెరోపక్క కుర్చీలు వేసుకున్నాం. ముందు చిన్న తప్పులతో మొదలుపెట్టాం. ఒంటిచెయ్యికి ఎడమ చెయ్యి పోయిందన్నాను. పోయింది కుడిది. తమ్ముడు కప్పు వైపు చూస్తూ విన్నాడు. ఓడలో ఇద్దరు కెప్టెన్లన్నాను. తల ఊపాడు. ఆ తర్వాతి వారం తప్పులు పెంచాం. లిఫ్టుదయ్యం మెట్లెక్కి డాబా మీద బట్టలు ఆరేస్తుందని చెప్పాడు భాయ్. అతను తన నోటితో తన దయ్యాన్నే అలా పాడుచేసుకోవడం చూడలేక నేను తల తిప్పుకున్నాను. పక్క మంచం పాకిస్తానీ ముసలాయన, తెలుగు రాకపోయినా, మా చేతులూపుడు చూసి పగలబడి నవ్వాడు.

“మంచిగుంది భాయ్” అన్నాడు తమ్ముడు.

ఈలోపు ఆ కలిపి తీసిన సినిమా రానే వచ్చింది. మాల్ ముందు లిఫ్టు తలుపుల మధ్య మరమనిషి నిలబడ్డ పెద్ద బొమ్మ పెట్టారు. భాయ్, నేనూ బస్సులోంచి చూశాం. దిగుదామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

చివరి శుక్రవారం నా దగ్గర చిన్న తప్పులు అయిపోయాయి. మర్నాడో ఆ మర్నాడో డాక్టరు విమానం ఎక్కించడానికి సరేననేలా ఉన్నాడు. తమ్ముడి ముఖంలోకి వంగి, “తమ్మీ, ఇను. ఒంటిచెయ్యి ఉన్నడు గదా, వాని తల్లి ఎవరనుకున్నవ్? లిఫ్టుదయ్యం! దొంగలిద్దరు దానికి మేనల్లుండ్లు. అందరు కలిసి ఓడల పెండ్లికి వోతున్నరు” అన్నాను.

ఇంతకన్నా పెద్ద తప్పు సినిమాల్లో లేదు. మరమనిషికి తల్లేమిటి? దయ్యానికి దొంగలేమిటి? మునుపైతే ఈ మాటకు నన్ను గదిలోంచి వెళ్ళగొట్టేవాడు. తమ్ముడు నా వైపు తిరిగి మెల్లగా, ఎంతో ప్రేమగా నవ్వాడు.

“అవునన్నా” అన్నాడు.

నాకేమైందో తెలియదు. “కాదురా! తప్పు! తప్పురా అది!” అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు బెదిరిపోయి దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. “సరే అన్నా, సరే. తప్పే” అన్నాడు. జన్మలో మొదటిసారి తన మాట తప్పని ఒప్పుకున్నాడు, అదీ భయపడి. నా మీద నాకే అసహ్యం వేసింది. భాయ్ నా భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు.

అప్పుడే అతని భార్య ఫోన్ వచ్చింది. ఇక దాచలేకపోయాను. మేము ఎందుకు వస్తున్నామో, ఏం చెబుతున్నామో, అతనేం జవాబిస్తున్నాడో మొత్తం చెప్పాను. ఆమె అంతా విన్నాక, “ఫోను ఆయన ముంగట వెట్టుండ్రి. మీరు గూడ ఇనుండ్రి” అంది.

స్పీకరు పెట్టి దిండు మీద ఉంచాను.

“ఇంటున్నవా? నేను” అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. “మన పెండ్లైనంక మొదలు సూసిన సిన్మ యాదికున్నదా? గదే, మరమనిషిది. జగిత్యాల పోయి సూస్తిమి. నువ్వు సగంలనే నిద్రవోతివి. అయిపోయినంక నేనే లేపిన నిన్ను.”

తమ్ముడు ఫోన్ వంక చూశాడు. నుదురు ముడిపడింది. ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అనుకున్నాను.

“ఆఁ. నిద్రవోయిన” అన్నాడు. “నువ్వే లేపినవ్.”

ఫోన్లో ఆమె వెనకాల ఎవరో పిల్ల అమ్మా అని పిలవడం వినిపించింది.

“సరే, మంచిగ తిను” అని అతనితో అంది. తర్వాత నన్ను పిలిచింది. ఫోన్ తీసుకుని వరండాలోకి వచ్చాను.

“నిద్రవోయింది నేనన్నా” అంది. “గా సంగతి సెప్పి సెప్పి ఎక్కిరిస్తుండె నన్ను. పెండ్లైన కాడికెల్లి.”

ఆమె ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది. విమానంలో పక్కన ఎవరైనా తోడు కూర్చుని వస్తారా, ఏ ఎయిర్‌పోర్టులో దింపుతారు, మందులు ఎవరి చేతికిస్తారు అని అడిగింది. తెలిసినంత చెప్పాను. పెట్టేస్తుందనుకున్నాను.

“ఒక్క మాటన్నా” అంది. “ఇగ ఆయనకు తప్పులు చెప్పకుండ్రి, మీ కాళ్ళు మొక్కుత. ఇప్పుడు మనం ఏది చెప్తే గదే ఆయనకు నిజం.”

లోపలికి వెళ్ళాను. తమ్ముడు ఇంకా దుప్పటి వదల్లేదు. అతని మంచం మీదే కూర్చుని, ఒంటిచెయ్యి మొదటి భాగం మొదటి సీను నుంచి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. నేను తడబడినచోట భాయ్ సరిచేశాడు.