ఉబ్బిన బండలు దాచిన మామ

ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చిన మేస్త్రి మా ఇంటి ముందు చెప్పులు విడిచి, గడప దాటకుండానే చెప్పాడు: “సారు పోయినాడన్నా.” అతను సారు అన్నది మా మేనమామను. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య కాలువ పనుల్లో ఉద్యోగమంతా గడిపిన ఇంజనీరు. ఆ కబురు మేస్త్రే ఎందుకు తెచ్చాడో పాఠకులకు తెలియాలంటే డెబ్బైల నాటి ఒక వానాకాలం దగ్గరికి వెళ్లాలి.

అది నల్లరేగడి నేల. ఎండకు నెర్రెలిస్తుంది, తడికి ఉబ్బుతుంది. ఆ వానలకు ముందు ఎండాకాలంలో కాలువ లోపల బండలు పరుస్తుండగా ఒక చోట తవ్వకం ఎక్కువైంది. గుంత పూడ్చడానికి గరుసు, అంటే తడికి ఉబ్బని గులకమట్టి, కావాలంటే కొండ కింది నుంచి తోలుకురావాలి. ఈ మేస్త్రి, తవ్విన నల్లమట్టినే తిరిగి పోయించి, దిమ్మిస కొట్టించి, పైన బండలు పరిపించాడు. రాయిలా గట్టిపడింది. తొలి వానలకు ఆ బండలు వేడినూనెలో అప్పడంలా లేచాయి.

నేనప్పుడు విలేఖరిగా కొత్త. వార్త కోసం వెళ్లేసరికి మామ, కాంట్రాక్టరు, కూలీలు కాలువలో నిలబడి ఉన్నారు. ఎవరు పూడ్చారని మామ అడిగాడు. మేస్త్రి ముందుకొచ్చి, “నేనే సార్” అన్నాడు. కాంట్రాక్టరు అతన్ని అక్కడికక్కడే పొమ్మన్నాడు. ఆ పని పోతే ఈ చుట్టుపక్కల మరెవరూ అతన్ని పిలవరు. మామ గొంతు పెంచలేదు.

“ఈన్ని పంపిస్తే, ఈ తప్పు ఎట్లా జరిగిందో తెలిసినోడు ఈడ ఇంగెవడుండాడప్పా?”

మేస్త్రి ఉండిపోయాడు. మామ అంతటితో ఆగలేదు. పక్కనే పరీక్ష కోసం మూడు చిన్న కాలువ ముక్కలు కట్టించాడు. ఒకదాని కింద నేలలో ఉన్న నల్లమట్టే. రెండోదాని కింద తడిపి దిమ్మిస కొట్టిన నల్లమట్టి. మూడోదాని కింద మందంగా గరుసు. నీళ్లు నింపడం, తీసేయడం, ఎండనివ్వడం. ఆ వానాకాలం దాటేదాకా అక్కడ అసలు పని సాగనివ్వలేదు. పైనుంచి ఒత్తిడి వచ్చింది. టీ అంగట్లో కాంట్రాక్టరు నన్ను పట్టుకుని, “మీ మామ కాలువ కట్టడంలే అబ్బీ, బడి నడుపుతాండాడు” అన్నాడు. నేనది మామకు చెప్పాను. “ఫీజు లేని బడి, ఆయప్పను గూడా రమ్మను” అన్నాడు. మూడు ముక్కలూ ఉబ్బి ఉంటే మేస్త్రి ఇంటికి, మామ బదిలీ మీద ఇంకో ఊరికి పోయేవారు. రెండు ఉబ్బాయి. గరుసు మీద పరిచినది కదల్లేదు. మిగతా కాలువంతా అలాగే కట్టారు. దాని చివరి పొలాలకు ఈనాటికీ నీళ్లు పారుతున్నాయి. పోయిన వారమే చూసి వచ్చాను.

మా వాళ్లంతా మామను ఆ కాలువ కట్టినవాడిగా చెప్పుకుంటారు. నాకు గర్వమనిపించేది ఆ తర్వాత ఆయన చేసిన పని. ఉబ్బి విరిగిన బండలను పారేయనివ్వలేదు. రుద్రవరం వైపు కొత్త పని మొదలైనప్పుడు వాటిని లారీలో వేయించి, సామాన్ల కొట్టం ముందు పాతించాడు. కొత్తగా వచ్చిన ప్రతి ముఠా పార పట్టకముందు ఆ బండల ముందు కూర్చోవాలి. ఏం జరిగిందో చెప్పవలసింది తాను కాదు, మేస్త్రి. మొదట్లో సిగ్గుతో తల వంచుకుని చెప్పేవాడట. కొన్నేళ్లకు నవ్విస్తూ చెప్పడం నేనే విన్నాను. అది విని తమ తప్పులు బయటపెట్టిన వాళ్లూ ఉన్నారు. కొట్టం ముందు విరిగిన తూములు, పగిలిన దిమ్మెలు చేరాయి. ఒక్కోదాని పక్కన దాన్ని చెడగొట్టిన మనిషి నిలబడి చెప్పేవాడు. మామ అనేవాడు: “బాగా కట్టింది కాలువలో ఉంటాది, ఎవడన్నా చూస్తాడు. చెడిందాన్ని మనమే కాపాడుకోవాల.”

ఆయన ఎక్కడికి వెళ్లినా, ఉబ్బే నేలా కాదా అని పిడికెడు మట్టి తీసి, తడిపి, పిడికిట్లో నొక్కి, వేళ్లు విప్పి చూసేవాడు. ఆ ముద్ద జేబులో పడేది. అత్త చొక్కా ఉతికే ముందు జేబులు తడమడం అలవాటు చేసుకుంది. వాళ్ల కిటికీ గట్టు నిండా ఎండిన ముద్దలే. నేను వెళ్తే, “తిన్న్యావా?” అన్న తర్వాత రెండో మాట, “ఇది యాడ మట్టో చెప్పు.” నేను ఏనాడూ సరిగ్గా చెప్పలేదు. ఆయనా ఏనాడూ అడగడం మానలేదు.

సమాధి దగ్గర అందరం తలా పిడికెడు మట్టి తీసుకున్నాం. నా ముందు నిలబడిన మేస్త్రి తన పిడికిలి వెంటనే విప్పలేదు. పొద్దున కురిసిన జల్లుకు తడిసిన మట్టిని గట్టిగా నొక్కి, వేళ్లు తెరిచి చూశాడు. అతని వెనక వరుసలో ఉన్న పడుచు తాపీవాళ్లు కూడా, ఎవరూ చెప్పకుండానే, ఒకరి తర్వాత ఒకరు పిడికిలి నొక్కి విప్పి చూసుకున్నారు.

“గరుసేలే అన్నా,” అన్నాడు మేస్త్రి నా వైపు తిరిగి, మెల్లగా. అప్పుడు వేశాడు.