సగం రొయ్య, సగం మొసలి

చెరువులో రొయ్యలన్నీ తెగులొచ్చి పోయాయని తనే చెప్పిన దగ్గర్నుంచి అన్నయ్యకి ఉలుకూ పలుకూ లేదు. గట్టు మీదే కాపురం పెట్టినట్టుండే మనిషి చెరువు వైపు చూడటం మానేశాడు. చోటు మారితే మనసు మారుతుందని వదిన రాజమండ్రిలో మా ఇంటికి పంపింది. ఇక్కడా అంతే, హాల్లో చాప మీద పడుకుని ఫ్యాన్‌కేసి చూడటమే. మళ్లీ ఈ మనిషి మనిషవుతాడా అని నాకు భయం. భయమేస్తే నాకు కోపమొస్తుంది, అందుకే రోజంతా కసురుతూనే ఉన్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, నా సినిమా నేను పెట్టుకున్నాను. చవకరకం రాక్షస సినిమాలంటే నాకు పిచ్చి. గబ్బిలానికి తోడేలు తల అతికిస్తారు. ఒకే వంతెన మూడుసార్లు కూలుతుంది. తెలుగు డబ్బింగ్‌లో శాస్త్రవేత్తలందరిదీ ఒకటే గొంతు. రబ్బరు అతుకులు కనపడుతున్నా దాచుకోరు పాపం, సగం వాళ్లు చేసి మిగతా సగం మనకి వదిలేస్తారు. కర్టెన్లు వేసేస్తే గదంతా టీవీ పచ్చ వెలుగు నిండి, నీళ్లడుగున పడుకున్నట్టుంటుంది. ఏది సినిమానో ఏది నా కునుకో తెలియదు. ఆ మత్తే నాకిష్టం.

ఆ రోజు వచ్చింది సగం రొయ్య, సగం మొసలి. చూడగానే నాలిక్కరుచుకున్నాను. రిమోట్ వెతికేలోపే అన్నయ్య లేచి కూర్చున్నాడు.

"కాళ్లు తక్కువున్నాయేంటి దానికి?" అన్నాడు.

ఇక ఆగలేదు. మీసాలు తప్పంట, తోక తప్పంట. సైన్యం ఫిరంగులు పేలుస్తుంటే నవ్వాడు. అవన్నీ దండగంట, అమావాస్యకి పెంకు వదిలేదాకా ఆగితే చాలంట. అప్పుడు ఒళ్లు మెత్తగా ఉండి, గాలి చాలక, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ కాసేపు ఆగినా రొయ్య బతకదంట. ఆ పచ్చ వెలుగులో చేతులు తిప్పుతూ చెబుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఆటపట్టించాను కూడా.

"అంత తెలిసినోడివి, మరి మన రొయ్యలెలా పోయాయి?"

"తెగులు కాదులే. ఆ రోజు అమావాస్య. పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటర్ వెయ్యడానికి నేను లేను."

ఎక్కడికెళ్లావని అడిగాను. టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. రాక్షసి నెమ్మదిగా సముద్రంలోకి జారుతోంది. అలా చూస్తూ చూస్తూ ఉండగా నాకు గుర్తొచ్చింది. కిందటి అమావాస్య ఆదివారం. మా పాప బాప్తిస్మం. చెరువు వదిలి రాలేనంటే, మేనమామ రాకుండా పిల్లని పాస్టరు చేతికివ్వనని నాలుగుసార్లు ఫోన్ చేసి తిట్టింది నేనే.

తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఆరాధన అయ్యేదాకా పాపని ఎత్తుకుని నవ్వుతూ నిలబడ్డాడు.