తరవాణికి మూడు విజిల్స్

నా ఈ రెండు చేతులతోని కొన్ని కోట్ల ప్రాణాలు తీసిన. పోలీసులు రాలే గానీ, ఇటలీ నుంచి ఒక దొరసాని వచ్చింది. పోలీసులే నయముండె. జర ఓపిక పట్టుండ్రి, మొత్తం చెప్త.

నాలుగేండ్ల కింది ముచ్చట. నాచారంల ఒక మందుల కంపెనీ ల్యాబుల నాకు కొలువు. మందులల్ల క్రిములు లేవని పరీక్ష చేసి సంతకం పెట్టుడు నా పని. పొద్దుందాక "ఇందులో బతికున్నది ఏదీ లేదు" అని రాసి రాసి, ఉప్పల్‌ల నా రూముకొచ్చి తాళం తీస్తే, ఆడ గూడ అదే రిపోర్టు. గోడ మీది బల్లి సుత ఖాళీ చేసి పోయింది. ఆదివారం మాట్లాడెటోళ్లు లేక, కస్టమర్ కేర్‌కు ఫోన్ జేసి లేని కంప్లైంటు చెప్పిన రోజులున్నయి. నవ్వకుండ్రి.

నాకున్న ఒకే ఒక్క దిక్కు పక్క పోర్షన్ల మామ్మగారు. కాకినాడ మనిషి. రైల్వేల నౌకరి చేసిన భర్త పోయినంక ఒక్కతే ఉంటది. నేను "అవ్వా" అని పిలిస్తే, "అవ్వేంటిరా, మామ్మగారూ అను" అని దిద్దేది. ఆమె వంటింటి మూలకు తరవాణి కుండ ఉండేది. రోజూ గంజి పోస్తుంటే అది పులిసి తరవాణి అయితది. అండ్ల అన్నం కలిపి, ఉల్లిపాయ ముక్క పెట్టి, పొద్దుగాల నాకో గిన్నె ఇచ్చేది. అత్తగారి కాలం నుంచి ఆ కుండ ఎన్నడూ ఖాళీ కాలేదట. ఆ గిన్నె తినే పది నిమిషాలే రోజు మొత్తంల నాతోని ఒక మనిషి మాట్లాడేది.

గప్పుడు తార్నాక నుంచి సుజాత మేడం అని ఒకామె వచ్చింది. ఫ్యాక్టరీ తిండి దెబ్బకు మాయమైపోతున్న చేతి వంటలను, వాటిని చేసేటోళ్లను కాపాడే ఉద్యమం ఒకటి దేశదేశాలల్ల ఉన్నదట. పులులకున్నట్టే తిండ్లకు గూడ జాబితా ఉంటదట. అండ్ల మామ్మగారి తరవాణిని ఎక్కియ్యాలె, ఆదివారం ఇటలీ నుంచి వాళ్ల మనిషి చూడనీకి వస్తది అని చెప్పింది. ఆ రోజు మామ్మగారు మూడుసార్లు నా తలుపు కొట్టింది.

"నా కుండేంటిరా, ఇటలీ ఏంటి!"

గురువారం మామ్మగారు చుట్టాలింట్ల పెండ్లికి పోవుకుంట కుండ నాకు అప్పజెప్పింది.

"పొద్దున్నే గ్లాసుడు గంజి పొయ్యి. అంతే. ఇంకేం చెయ్యకు."

"ఫికర్ చెయ్యకుండ్రి మామ్మగారూ, నేనున్న గదా!"

"అదేరా నా భయం."

ఆమె అటు పోయిందో లేదో నాకు పురుగు తొలిచింది. దొరసానికి కడుపు నొస్తే ఎట్ల? మామ్మగారి పరువేంగావాలె? చిన్న సీసాల తరవాణి పట్టుకపోయి ల్యాబుల పరీక్ష పెట్టిన. శనివారం చూస్తే క్రిములు లెక్కపెట్టలేనన్ని! పులిసినదాంట్ల క్రిములు గాక ముత్యాలుంటయా? పెరుగు తోడు పెట్టేటోళ్లు ఎవ్వర్నడిగినా చెప్తరు. నేను ఎమ్మెస్సీ గదా, ఎవ్వర్నీ అడగలే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు, నాకైతే మతితోని పాటు పక్కింటి కుండ గూడ పోయింది. తరవాణి మొత్తం కుక్కర్ల పోసి మూడు విజిల్స్ ఇచ్చిన. కుండను స్పిరిట్ పెట్టి తోమిన. చల్లారినంక మళ్ల పోసి, మూత పెట్టి, హాయిగ పండుకున్న.

ఆదివారం పొద్దుగాల పెండ్లి నుంచి వచ్చిన మామ్మగారు కొత్త చీర కట్టుకొని నిలబడ్డది. సుజాత మేడం మూత తీసి వాసన చూసింది. మళ్ల చూసింది. దొరసాని ఇంగ్లీషుల ఏందో అడిగింది.

"ఇది బతికే ఉందా అని అడుగుతున్నారు," అన్నది మేడం.

నేను ఛాతీ విరుచుకొని ముందుకొచ్చిన. "ఒక్కటంటే ఒక్కటి గూడ బతికి లేదు మేడం! గ్యారంటీ! కుక్కర్ల మూడు విజిల్స్!"

కుక్కర్‌కు, విజిల్‌కు తర్జుమా ఏం అక్కర పడుతది? దొరసాని నెత్తి పట్టుకున్నది.

మామ్మగారు తిట్టినా బాగుండు. కుండలకు వంగి చూసి, "మా అత్తగారు నా చేతుల్లో పెట్టిందిరా ఇది," అని ఒక్క మాట అని లోపలికి పోయింది.

తెల్లారి గిన్నె రాలే. ఆ తెల్లారీ రాలే. గోడ అవతల ఆమె దగ్గుడు నాకు, ఇవతల నా దగ్గుడు ఆమెకు వినబడేది. గంతే మా ముచ్చట. మూడోనాడు బ్రెడ్డు ముక్క నములుకుంట నిలబడితే ఏడుపొచ్చింది. నిజంగనే ఏడ్చిన. ఇప్పుడు నవ్వొస్తే నవ్వుండ్రి.

ఐదోనాడు ల్యాబుల ఫ్రిజ్ తీసిన. మా దగ్గర ఒక రూలుంది: ఏది పరీక్ష చేసినా సగం ముట్టకుండ దాచిపెట్టాలె. ఎనక వరుసల చిన్న సీసా ఉన్నది. మీద నా రాతే: "తరవాణి, మామ్మగారు." అలవాటు కొద్ది దాచి మర్చిపోయిన! పర్మిషన్ పెట్టి, సీసాను చంటిపిల్ల లెక్క ఎదకు పట్టుకొని, ఆటోల ఉప్పల్‌కు ఉరికిన.

మామ్మగారు తలుపు తీసి సీసా దిక్కు చూసింది.

"ఇదీ ఉడకబెట్టావా?"

"లేదు మామ్మగారూ. దీన్ని ముట్టుకోలే."

"మొత్తానికి నువ్వు ముట్టుకోనిదే పనికొచ్చిందన్నమాట," అని సీసా గుంజుకున్నది. కుండల వంచి పైనుంచి గంజి పోసింది.

నాలుగు రోజులకు పుల్లటి వాసన లేసింది. అయినా ఆమెకు అనుమానమే. "నిజంగా బతికిందంటావా? ఆ పరీక్షేదో చెయ్యరాదూ?" అన్నది. చేసిన. రిపోర్టు పట్టుకొని మెట్లు రెండు రెండు ఎక్కుకుంట అరిచిన.

"ఫెయిల్ మామ్మగారూ! లెక్కపెట్టలేనన్ని! ఘోరంగ ఫెయిల్!"

"అమ్మయ్య," అని ఆమె కండ్లొత్తుకున్నది. లోపలికి పోయి గిన్నె తెచ్చింది.

దొరసాని మళ్ల రాలే. జాబితాల మా కుండ ఎక్కలే. నా ఉద్యోగంల నేను సంబురంగ సంతకం పెట్టిన ఫెయిల్ రిపోర్టు అదొక్కటే. ఆ కుండ సాక్షిగ ప్రమాణం చేస్తున్న: ఈ జన్మల ఊపిరున్న దేన్నీ కుక్కర్ల పెట్ట. మామ్మగారికి మాత్రం నా ప్రమాణం మీద నమ్మకం లేదు. ఇప్పటికీ ఊరికి పోతే కుండను నా దగ్గరనే పెడుతది గానీ, నా కుక్కర్ విజిల్ పీకి పర్సుల వేసుకొని పోతది.