గుండుసూదితో తెచ్చిన సున్నా

మా గైడు గారు పోయి ఏడాదవుతోందట, సంస్మరణ సంచిక వేస్తున్నాం, నాలుగు మంచి మాటలు రాసివ్వండని నిన్న వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. మాటలకేం, నలభై ఉన్నాయి నా దగ్గర. మంచివి కావాలంటేనే వెతుక్కోవాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తాడేపల్లిగూడెం కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, నలభై ఏళ్లొచ్చాక ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరాను. రూపాయంత నల్లటి సూపర్‌కండక్టరు బిళ్ల, దానిమీద వెండి నానో రేణువుల పల్చటి పొర. బాగా చల్లబరిస్తే పొరలోంచి బిళ్లలోకి కరెంటు ఎలా దాటుతుందో కొలవడం నా పని. చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి కదా, ఏలూరు పశువుల ఆసుపత్రిలో ఎద్దుల వీర్యం దాచేందుకు తెప్పించుకునేదాంట్లోంచే కాస్త బతిమాలి ఫ్లాస్కులో పోయించుకుని, మా ఆయన పాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవారు. ఆ పొగలు చూసి కొల్లేటి చేపల గంపలవాళ్లు, అదేం ఐసండీ, మాకూ దొరుకుతుందా అని అడిగేవారట.

బిళ్లనొక్కదాన్నే చల్లబరిచి కొలిస్తే నిరోధం సున్నా, సూపర్‌కండక్టరంటేనే అది. పొరలోంచి బిళ్లలోకి దాటేచోట మాత్రం చల్లబడేకొద్దీ పెరిగేది, ఎన్నిసార్లు కొలిచినా అంతే. అక్కడా సున్నాయే వస్తుందని ఆయన అప్పటికే ఓ పేపర్లో రాసేసుకున్నారు, ఇక నా గ్రాఫు ఎందుకు నచ్చుతుంది! "తీగ అతికించడం రాని చేతులకి రీసెర్చి ఎందుకండీ, ఇంట్లో పప్పు రుబ్బుకోండి" అనేవారు, స్టూడెంట్ల ముందే. పట్టుగుడ్డలో చెప్పు చుట్టి కొట్టడమంటే ఆ 'అండీ'యే.

రెండేళ్లు పడ్డాను. మూడో ఏడు, సున్నా రాకపోతే సంతకం పెట్టనని తేల్చేశారు. ఆ సాయంత్రమే గుండుసూదితో పొర గీకేసి, నాలుగు తీగలూ తిన్నగా బిళ్లకే అతికించి, ఆయనకి కావలసిన సున్నా పట్టుకెళ్లి ఇచ్చాను. నవ్వుతూ సంతకం పెట్టారు.

వైవాకి బయటినుంచి వచ్చిన పెద్దాయన ఆ గ్రాఫు మీద వేలు పెట్టి, మధ్యలో పొర ఉండగా ఇంత చక్కటి సున్నా ఎలా వచ్చిందమ్మా అన్నారు. నేను గైడు గారి వంక చూశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "కొలిచింది ఆవిడేనండీ" అన్నారు. థీసిస్ వెనక్కొచ్చింది. నేను మళ్లీ వేయలేదు.

ఇప్పుడు కాలేజీకే నైట్రోజన్ వచ్చి పడుతోందట, ఒళ్లో మోసుకొచ్చే అవసరం ఎవరికీ లేదు. మా ఆయన వేళ్లమీద ఆ చలి కాల్చిన మచ్చలు మాత్రం ఇంకా పోలేదు. గైడు గారిని నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఆయన ఎన్ని మాటలన్నా, గుండుసూది నా చేతికివ్వలేదు. మా ఆవిడ నిజాన్ని ఆ మహానుభావుడు తొక్కేశాడని మా ఆయన ఇవాళ్టికీ అందరికీ చెప్తుంటారు. ఆ సూది సంగతి ఆయనకి నేనింకా చెప్పలేదు.