బూచికి బిస్కెట్టు

నేను పనికి ఉన్న అరబ్బుల ఇంట్లోకి పిస్తోలు వచ్చిందని నాకు మొదట చెప్పినవాడు మా డ్రైవరు. కడప జిల్లావాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, నోరారా అక్కా అని పిలిచేవాడు. యజమానిని మేం బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్ళం. ఉల్లిపాయల బస్తా వంటింటి వెనక గుమ్మంలో దించి, లోపలికోసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, బాబా ఈపొద్దు తుపాకీ కొన్న్యాడు. చిన్నది. చేతిలో పట్టేది."

"మనకెందుకయ్యా తుపాకీ?"

"మనకు గాదులే, ఆయప్పకు. పక్క సందులో దొంగలు పడినారు గదా, అప్పట్నుంచీ నిద్ర లేదంట. మూడు వారాలు తిప్పినాడు నన్ను. వాళ్ళన్న ఏమో పెద్దది తీసుకో, చూస్తానే దొంగోడు పారిపోవల్ల అంటాడు. అంగడాయన ఏమో, నీ చేతికి సరిపోయేది తీసుకో, కండ్లు మూసుకోని గుండ్లు తీసేయగలిగేది తీసుకో అన్న్యాడు. బాబా అంగడాయన మాటే విన్న్యాడు. కాయితాలన్నీ చేయించినాడు."

"మరి ఇంట్లో ఎక్కడ పెడతారంట?"

"అది నన్నడిగితే ఎట్లక్కా? కారు యాడ పెడతానో అడుగు, చెప్తా."

అతను నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ ఇంట్లో ఐదేళ్ళ ఆడపిల్ల ఉంది. పాకే చంటివాడు ఉన్నాడు. ఇద్దరూ పొద్దస్తమానం నా కొంగు పట్టుకునే ఉండేవారు.

బాబాను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇరాక్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించి వెళ్ళి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ నెలల్లో సైనికులు ఇదే ఇంట్లోకి వచ్చి, ఆయన తల్లిని హాల్లో గోడకు నిలబెట్టి ఇల్లంతా వెతికారట. ఆయన చూస్తూ నిలబడ్డారట. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేవారు కాదు, మామా నాకు చెప్పింది. అలాంటి మనిషికి పక్క సందులో దొంగలంటే ఎలా ఉంటుందో నేను అర్థం చేసుకోగలను.

గోదావరి పక్క చిన్న ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. బడికి వెళ్ళలేదు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలతోనే బైబిలు చదువుకున్నాను, ఇదీ రాస్తున్నాను. దేవుడు నన్ను మంచి ఇంట్లో పెట్టాడని అప్పుడూ అనుకునేదాన్ని, ఇప్పుడూ అంటాను.

ఆ గురువారం ఎవరిదో పెళ్ళి. అలాంటి రోజుల్లో బాబా బట్టలకు బుఖూర్ పట్టడం నా పని. బుఖూర్ అంటే మన సాంబ్రాణి లాంటిదే, ఇంకా గాఢంగా ఉంటుంది. మంచి బట్టలన్నీ బీరువా పై అరలో ఉంటాయి. నేను స్టూలెక్కుతాను, పిల్ల స్టూలు పట్టుకుంటుంది. స్టూలు పడిపోకుండా ఆపేది తానేనని దానికి గట్టి నమ్మకం.

తలగుడ్డల దొంతర కింద చెయ్యి పెట్టగానే ఏదో చల్లగా, బరువుగా తగిలింది. పసుపు గుడ్డలో చుట్టి ఉంది. విప్పకుండానే తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పిల్ల కింది నుంచి నా ముఖం చూసింది.

"ఏంటది?"

నేను ఒక పెద్ద తప్పు చేశాను. మన ఆడవాళ్ళెవరైనా చేసేదే. "బూచి," అన్నాను. "బూచి పడుకున్నాడు. ముట్టుకోకు."

నా అరబ్బీ అంతంత మాత్రం. మాట దొరకనప్పుడు తెలుగు వచ్చేసేది. అందుకే ఆ పిల్లకు అన్నం, పప్పు, దా, బూచి అన్నీ వచ్చు. రెండేళ్ళుగా రోజూ అన్నం తినిపిస్తూ, తినకపోతే బూచి వస్తాడని చెబుతూనే ఉన్నాను. బూచి ఒక్కసారి కూడా రాలేదు. పాపం, ఆ పిల్ల అతని కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తోందని నాకేం తెలుసు?

శనివారం పొద్దున్న బాబా ఆఫీసులో, మామా తను పాఠాలు చెప్పే బడిలో ఉన్నారు. పిల్లకు కొంచెం జలుబు చేస్తే ఇంట్లోనే ఉంచాం. నేను చంటివాడికి పాలు పట్టి పడుకోబెట్టాను. ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంది. పిల్లలున్న ఇంట్లో అంత నిశ్శబ్దం మంచిది కాదు.

వెళ్ళి చూద్దును కదా, బీరువా కింది సొరుగులు ఒకదాని మీద ఒకటి మెట్లలా లాగి ఉన్నాయి. పిల్ల అన్నిటికన్నా పై సొరుగు అంచు మీద మునివేళ్ళతో నిలబడి ఉంది. ఒక చెయ్యి తలగుడ్డల్లో మోచేతి దాకా దూరింది. రెండో చేతిలో ఖర్జూరం బిస్కెట్టు.

"బూచీ, దా. అన్నం తిను," అంటోంది. నేను దాన్ని బుజ్జగించే గొంతుతోనే.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడుతుందని ఆ క్షణంలో నాకు తోచింది, తోపించినవాడు దేవుడే. మెల్లగా నడిచి వెళ్ళి నడుం చుట్టూ చేతులు వేసి, "ఆ బిస్కెట్టు నాకు పెడతావా?" అన్నాను. సగం విరిచి నా నోట్లో పెట్టింది. సగం బూచికి ఉంచింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చున్నాను.

గదికి తాళం వేసి వంటింట్లోకి వచ్చాను. డ్రైవరు టీకి వచ్చాడు. చెప్పాను. అతని ముఖం పాలిపోయింది.

"చెప్పొద్దక్కా ఎవరికీ. బీరువాలో చెయ్యెందుకు పెట్టినావు అంటారు. ఖలాస్, ఈడ ఉండే ఇఖామా కాయితం క్యాన్సిలు, ఇమానం ఎక్కిచ్చేస్తారు. గదికి తాళం ఏసుకో, గమ్మునుండు."

"ఎన్నాళ్ళని కాపలా కాస్తానయ్యా? శుక్రవారం సెలవు నాడు నేను చర్చికి వెళ్తే ఎవరు చూస్తారండీ బాబూ?"

"నీ బిడ్డ గాదు గదక్కా."

"చాల్లే, ఊరుకో. టీ తాగు."

అతను చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం గురించే అతని భయం. ఊళ్ళో నా ఇద్దరు పిల్లల చదువులు ఆ ఉద్యోగం మీదే ఉన్నాయని అతనికి తెలుసు. సింకు దగ్గర నిలబడి, గిన్నె తోముతూనే ప్రార్థన చేసుకున్నాను. తిన్నగా పెద్ద మామా గదికి వెళ్ళాను. పెద్ద మామా అంటే బాబా తల్లి. ఏమీ దాచకుండా అంతా చెప్పేశాను, బూచితో సహా.

"బూచి అంటే ఏమిటే?"

"పిల్లల్ని ఎత్తుకుపోతాడని మేం చెప్పే అబద్ధం, పెద్ద మామా."

ఆమె తిడుతుందనుకున్నాను. "మాకూ ఒకటి ఉండేది," అంది. "గాడిద కాళ్ళది. మిట్టమధ్యాహ్నం బయట తిరిగే పిల్లల్ని పట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది. దాన్ని చూద్దామని నేను రోజూ ఎండలోకి పారిపోయేదాన్ని." నవ్వుతూనే ఉంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇక్కడే కూర్చో. నా కొడుకును రానీ," అంది.

మధ్యాహ్నం బాబా వచ్చారు. నేను టీ తెచ్చేసరికి ఆమె అంతా చెప్పేసింది. ఆయన నావైపు తిరిగారు.

"నా బీరువాలో పై అర ఎవరు వెతకమన్నారు నిన్ను?"

పెద్ద మామా ఊరుకోలేదు.

"నీ బట్టలు నువ్వే మడుచుకుంటున్నావా నాయనా? ఈ ఇంట్లో ఈమె చెయ్యి పడని అర ఒక్కటి చూపించు. ఈమె ఎక్కడుంటే నీ కూతురు అక్కడ. మరి దాచింది ఎవరి నుంచి? దొంగ నుంచా?"

"అంత ఎత్తు అందదులే అమ్మా, ఐదేళ్ళ పిల్లకు."

"అయితే అడుగు దాన్ని."

బాబా కూతుర్ని పిలిచి, ఎలా ఎక్కావో చూపించమన్నారు. అడిగినందుకు ఆ పిల్ల పొంగిపోయింది. ఒక సొరుగు, రెండో సొరుగు, మూడోది లాగింది, ఎక్కింది. "యల్లా బాబా, చూడు!" అంటూ అరలోకి చెయ్యి చాచింది. ఆయన కోసం నేను తెచ్చిన టీ కప్పు ఇంకా నా చేతిలోనే ఉంది, బల్ల మీద కూడా పెట్టలేదు. అంతసేపే పట్టింది.

ఆయన కూతుర్ని దించి నాకు అందించి, బయటికి తీసుకెళ్ళమన్నారు. వెళుతూ తలుపు సందులోంచి చూశాను. పిస్తోలులో గుండ్లు ఉన్నాయి. ఆయన వాటిని తీసి మంచం మీద పెడుతుంటే ఒకటి కిందపడింది. మంచం కింద వెతికి, ఇంకోసారి లెక్కపెట్టుకుని, అక్కడే కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆయన మీద నాకున్న భయం ఆ పూటతో సగం పోయింది.

ఆ సాయంత్రమే డ్రైవరును తీసుకుని మిర్కాబ్ బజారుకు వెళ్ళి ఇనప్పెట్టె తెచ్చారు. చిన్నదే అయినా ఇద్దరు మోసుకురావాల్సి వచ్చింది. దాన్ని తన రాతబల్ల గదిలో గోడకు బోల్టులు వేయించి బిగించారు. గుండ్లు తీసేసిన పిస్తోలు అందులోకి, గుండ్లు ఇంకో గదిలో వేరే తాళం ఉన్న పెట్టెలోకి వెళ్ళాయి.

ఇక తాళంచెవులు. ఇంటి తాళాలన్నీ నా నడుం గుత్తిలోనే ఉండేవి. మధ్యాహ్నం కోప్పడినందుకేమో, బాబా ఆ చెవులు నా ముందు పెట్టి, "ఇవీ నీ దగ్గరే ఉంచు. నీ అంత నమ్మకమైన మనిషి నాకు లేదు," అన్నారు.

అంత మాట నాతో ఎవరూ అనలేదు. అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"వద్దు బాబా. మీ అమ్మాయి బతిమాలితే నేను ఏదైనా ఇచ్చేస్తాను. చాక్లెట్ల అలమార తాళం రోజుకు మూడుసార్లు ఇస్తున్నాను, మామాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిలే," అంది మామా పక్క నుంచి. అందరం నవ్వాం. ఆ చెవులు బాబా ఒంటి మీదే ఉండిపోయాయి, స్నానానికి వెళ్ళినా సరే. మారు చెవులు ఆయన అన్నగారింటికి వెళ్ళాయి.

మర్నాడు ఆయన కూతుర్ని కూర్చోబెట్టుకుని చెప్పారు. ఇలాంటిది ఎక్కడ కనబడినా, ఈ ఇంట్లో అయినా ఇంకొకరి ఇంట్లో అయినా, ముట్టుకోకూడదు. ఆ గదిలోంచి వచ్చేసి పెద్దవాళ్ళకు చెప్పాలి. చెబితే ఎవరూ కొట్టరు. పిల్లతో మూడుసార్లు తిరిగి చెప్పించారు. నేను చెప్పాల్సింది నేనూ చెప్పాను. బూచి లేడు, నేను అబద్ధం చెప్పాను, అక్కడ ఉన్నది మనిషిని చంపేది అన్నాను. పిల్ల చాలాసేపు ఏడ్చింది. భయంతో కాదు, బూచి లేడని. దాన్ని భుజాన వేసుకుని నేనూ ఏడ్చాను. ఆ తర్వాత అన్నం తినిపించడానికి కథలు వెతుక్కోవాల్సి వచ్చింది, అదొక పెద్ద కష్టం.

ఇంకో తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరు పిల్లలూ ఒంటి మీద గీటు పడకుండా పెరిగారు. ప్రతి రాత్రీ ప్రార్థనలో ఆ మాటకు దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

పెద్ద మామా నేనుండగానే పోయింది. ఫర్వానియా ఆసుపత్రిలో చివరి నాలుగు రోజులు ఆమె తల దువ్వింది నేనే. పనిమనిషి మాటలే అని ఆమె ఆ శనివారం చెయ్యి ఊపి పంపేసి ఉంటే, నేను మళ్ళీ నోరు తెరిచేదాన్ని కాదు. తాళం వేసుకుని గమ్మునుండేదాన్ని, నేను ఇంట్లో లేని శుక్రవారం వచ్చేది. ఆమె దేవుణ్ణి పిలిచే తీరు వేరు, నాది వేరు. ఇది చదివినవాళ్ళు మీకు తెలిసిన తీరులోనే, ఈ పూట ఒక్కసారి ఆమెను తలుచుకోండి. పేరు నేను రాయలేను. కొడుకు వచ్చేదాకా నా చెయ్యి వదలని ముసలమ్మ అనండి, చాలు.